చుక్కల అమావాస్య నాడు సూర్యగ్రహణం: ఇంటిల్లిపాదీ కలిసి చూసేందుకు ఏర్పాట్లు

1980 ఫిబ్రవరి 16, శనివారం, మాఘ అమావాస్య. ఆ మధ్యాహ్నం మూడున్నర దాటాక చంద్రుడి నీడ కర్ణాటక తీరాన కార్వార్ దగ్గర నేల మీదికి వచ్చింది. రాయచూరు మీదుగా పాలమూరు, నల్గొండ జిల్లాలను దాటి ఒడిశా తీరం వైపు సాగిపోయింది. ఆ నీడ దారిలోనే మన రంగారెడ్డి జిల్లా మంచాల మండలంలోని జాపాల, రంగాపూర్ ఊళ్ళున్నాయి. అక్కడ ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి నక్షత్రశాలలో 48 అంగుళాల టెలిస్కోప్ ఉంది. ఆ రోజు అక్కడి శాస్త్రవేత్తలు సంపూర్ణ సూర్యగ్రహణాన్ని గమనించారు, రేడియో తరంగాల్లోనూ కొలతలు తీసుకున్నారు. మన అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి ఆ చోటు నేరుగా గీత గీస్తే ముప్పై కిలోమీటర్లు కూడా ఉండదు.

అంత దగ్గరికి వచ్చిన ఆ వింతను చూడకుండా మన ఊళ్ళలో చాలామంది తలుపులు వేసుకుని లోపలే ఉండిపోయారు. రోడ్లు నిర్మానుష్యమయ్యాయని, జనాన్ని ఇళ్ళలో ఉంచడానికి దూరదర్శన్ ఆ మధ్యాహ్నం సినిమా వేసిందని ఆనాటి వాళ్ళు ఇప్పటికీ చెబుతుంటారు. అప్పటి భయంలో కొంత న్యాయం ఉంది. సరైన కళ్ళద్దాలు దొరికే కాలం కాదు, ఎలా చూడాలో చెప్పేవాళ్ళూ తక్కువ. ఇప్పుడా లోటు లేదు. కావలసిందల్లా ముందుచూపు.

2027 ఆగస్టు 2, సోమవారం. ఆషాఢ మాసం ముగిసే రోజు, ఆడపడుచులు నోము పట్టే చుక్కల అమావాస్య. ఆ రోజు మళ్ళీ సూర్యగ్రహణం ఉంది. స్పెయిన్, ఉత్తర ఆఫ్రికా, సౌదీ అరేబియా, యెమెన్‌ల మీదుగా అది సంపూర్ణం. ఈజిప్టులోని లక్సర్ దగ్గర ఆరు నిమిషాలకు పైగా పగలే చీకటి పడుతుంది. మన దగ్గర పాక్షికం: పొద్దు పడమటికి వాలిన వేళ సూర్యబింబంలో కొంత భాగాన్ని చంద్రుడు కప్పుతాడు. కప్పేది తక్కువే అయినా, ఇంట్లో అందరూ కలిసి గ్రహణం చూడడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి సందర్భం లేదు. ఆ ఏర్పాట్లు ఒక్కో అంచెగా చూద్దాం.

కావలసినవి

నిలువుపాటి అట్టపెట్టె (టీవీ లేదా ఫ్యాన్ వచ్చిన పెట్టె మేలు), వంటింటి అల్యూమినియం ఫాయిల్ చిన్న ముక్క, గుండుసూది, తెల్ల కాగితాలు, టేపు, కత్తెర, అరచేతి వెడల్పున్న మామూలు అద్దం, ఒక పళ్ళెం, అందులోకి రెండు సోలల బియ్యం, బూందీ గరిటె లేదా జల్లెడ, గోడ గడియారం, ఇంట్లో ఉన్నన్ని గ్రహణం కళ్ళద్దాలు. కళ్ళద్దాలు తప్ప మిగతావన్నీ ఇంట్లో దొరికేవే.

మొదటి అంచె: చోటు చూసుకోవడం

సూర్యుడు కనిపించని చోట ఎన్ని ఏర్పాట్లు చేసినా వృథా. ఆగస్టు మొదట్లో సాయంత్రం పూట పొద్దు మనకు పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది. అబ్దుల్లాపూర్‌మెట్‌లో నిలబడితే విజయవాడ హైవే మీద పెద్ద అంబర్‌పేట, హయత్‌నగర్ ఉన్న వైపు. కాబట్టి ఆ దిక్కున ఎత్తయిన అపార్ట్‌మెంట్లు, నీళ్ళ ట్యాంకులు, హోర్డింగులు లేని డాబా కావాలి.

పరీక్షించే తీరు తేలిక. గ్రహణానికి వారం ముందు ఎండ కాసిన సాయంత్రం, నాలుగు నుంచి ఆరు మధ్య అరగంటకోసారి డాబా మీదికి వెళ్ళండి. సూర్యుడి వైపు చూడొద్దు. మీ నీడ ఎక్కడ పడుతోందో చూడండి. నేల మీద మీ నీడ పూర్తిగా పడినంతసేపూ సూర్యుడికి అడ్డం లేనట్టే. ఏ గోడ నీడో వచ్చి మీ నీడను మింగేస్తే ఆ సమయానికి ఆ చోటు పనికిరాదు. సుద్దముక్కతో గుర్తు పెట్టుకుని పక్కకు జరగండి. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ గల్లీల్లో ఉండేవాళ్ళకు ఈ పరీక్ష మరీ అవసరం. అక్కడ రెండు మేడల సందులోంచి అరగంట కనిపించిన సూర్యుడు ఆ తర్వాత కనిపించడు. అలాంటివాళ్ళు ఊరి శివార్లలో ఉన్న చుట్టాల ఇంటికి ముందే కబురు పెట్టుకుంటే మంచిది.

సంఘీ గుడి కొండ మీదికి వెళ్ళి చూద్దామనుకునేవాళ్ళకు ఒక మాట. గ్రహణ సమయంలో మన వైపు గుళ్ళు మూసేస్తారు. గ్రహణం పూట తెరిచి ఉండి అభిషేకాలు జరిగే ఆలయంగా శ్రీకాళహస్తికి పేరుంది గానీ, తిరుమల మొదలుకొని మిగతా గుళ్ళలో చాలావరకు తలుపులు వేసేస్తారు. అందుకని డాబానే నమ్ముకోండి.

రెండో అంచె: కళ్ళద్దాలు తెచ్చుకోవడం, పరీక్షించడం

పాక్షిక గ్రహణంలో సూర్యుడు ఎంత చిన్న ముక్కగా మిగిలినా సరే, వట్టి కళ్ళతో చూడకూడదు. కంటి వెనక తెరకు నొప్పి తెలియదు. కాలిపోతున్నప్పుడు ఏ సూచనా ఉండదు. గంటల తర్వాత చూపు మధ్యలో మచ్చ కనిపించేసరికి నష్టం జరిగిపోయి ఉంటుంది. పిల్లలకు ఈ సంగతి భయపెట్టకుండా, స్పష్టంగా చెప్పాలి.

గ్రహణం కళ్ళద్దాల మీద ఐఎస్ఓ 12312-2 అని ఉండాలి. ఆ ప్రమాణం ప్రకారం అవి కంటికి కనిపించే వెలుగులో లక్షకు మూడు పాళ్ళు, ఆ పైన కాస్తంత మాత్రమే లోపలికి రానివ్వాలి. ముద్ర ఎవరైనా వేయొచ్చు కాబట్టి ఇంటికి తెచ్చాక మీరూ పరీక్షించండి. పెట్టుకుని గదిలో చుట్టూ చూస్తే ఏమీ కనిపించకూడదు. వెలుగుతున్న ట్యూబ్‌లైట్ కూడా కనిపించకూడదు, కనిపించినా అతి మసకగా ఉండాలి. తర్వాత రేకును వెలుగుకు ఎదురుగా పట్టి గీతలు, సూదిమొనంత చిల్లులు, మడతలు ఉన్నాయేమో వెతకండి. ఒక్క చిల్లు కనిపించినా ఆ జత పక్కన పెట్టేయండి. వెల్డింగ్ పనివాళ్ళు వాడే అద్దంలో 14వ నంబరుదైతే పనికొస్తుంది. అంతకంటే తక్కువ నంబరుది వద్దు.

చూపు అద్దాలు వాడేవాళ్ళు వాటిని తీయకుండా గ్రహణం కళ్ళద్దాలను పైన పట్టుకోవాలి. పాత ఎక్స్‌రే ఫిల్ములు, సీడీలు, మసి పట్టించిన గాజు, చలువ కళ్ళద్దాలు ఏవీ పనికిరావు. మన ఇళ్ళలో పళ్ళెంలో పసుపు నీళ్ళు పోసి అందులో గ్రహణం చూసే అలవాటు ఉంది. పెద్దలు వట్టి కళ్ళతో చూడకూడదని తెలిసే ఆ ఉపాయం పట్టారు. అయితే నీటి నుంచి తిరిగి వచ్చే వెలుగు నూటికి రెండు పాళ్ళున్నా కంటికి చాలా ఎక్కువే. పొద్దు వాలిన కొద్దీ అది ఇంకా పెరుగుతుంది. అందుకే పళ్ళెం ఉంచుకోండి, అందులో నీళ్ళకు బదులు బియ్యం పోయండి. ఎందుకో నాలుగో అంచెలో తెలుస్తుంది.

కెమెరా, బైనాక్యులర్ దేనితోనైనా గ్రహణం కళ్ళద్దాలు పెట్టుకుని చూడడం మరీ ప్రమాదం. కటకం వెలుగును కుప్పపోసి రేకునే కాల్చేస్తుంది. వాటికి వాడే ఫిల్టర్ ముందువైపు, సూర్యుడికి ఎదురుగా ఉండాలి. అది లేకపోతే వాటి జోలికి పోవద్దు.

మూడో అంచె: గుండుసూది పెట్టె

కళ్ళద్దాలు చాలకపోయినా పర్వాలేదు. అట్టపెట్టె ఉంటే పదిమందీ ఒకరి తర్వాత ఒకరు చూడొచ్చు. సూర్యుడి వెలుగు సన్నని చిల్లులోంచి దూరితే అవతల గోడ మీద సూర్యుడి బొమ్మే పడుతుంది. బొమ్మ ఎంత పెద్దది కావాలంటే పెట్టె అంత పొడుగుండాలి. చిల్లుకూ తెరకూ మధ్య దూరాన్ని 108తో భాగిస్తే బొమ్మ వెడల్పు వస్తుంది. మీటరు పెట్టెలో 9 మిల్లీమీటర్లు, రెండు మీటర్లకు 18 దాటి. బాటసింగారం పండ్ల మార్కెట్ నుంచి వచ్చే మామిడి పెట్టెలైతే పొట్టివి. నాలుగైదు వరసగా కలిపి అతికించుకోవాలి.

పెట్టె ఒక చివర లోపలివైపు తెల్ల కాగితం అంటించండి. అదే తెర. రెండో చివర అగ్గిపెట్టెంత కిటికీ కోయండి. దాని మీద ఫాయిల్ ముక్కను ముడతలు లేకుండా టేపుతో బిగించండి. ఇప్పుడు అసలు పని. ఫాయిల్‌ను గాలిలో పొడిస్తే చిరిగిపోతుంది. అందుకని కిటికీకి లోపలివైపు నుంచి గట్టి అట్టముక్క ఆనించి, గుండుసూదిని నిటారుగా పట్టుకుని మొన మాత్రమే దిగేలా మెల్లగా నొక్కండి. నొక్కి, అక్కడే వేళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పండి. అలా తిప్పితే అంచులు గుండ్రంగా వస్తాయి. సూది తలదాకా పొడిస్తే చిల్లు పెద్దదై బొమ్మ అంచులు మసకబారతాయి. ఎందుకంటే చిల్లు ఎంత వెడల్పో బొమ్మ అంచు అంత చెదురుతుంది. తప్పిపోతే ఫాయిల్ మార్చుకోవడం రెండు నిమిషాల పని.

తెరకు దగ్గరలో పెట్టె పక్కన చూడడానికి ఒక కంత కోయండి. చూసేవాళ్ళు సూర్యుడికి వీపు పెట్టి నిలబడి, పెట్టెను భుజం మీదుగా ఎత్తి, ఫాయిల్ వైపు సూర్యుడికి ఎదురుగా వచ్చేలా కదిలిస్తూ కంతలోంచి తెరను చూడాలి. పెట్టె నీడ నేల మీద ఎంత చిన్నదైతే గురి అంత కుదిరినట్టు. చిల్లులోంచి సూర్యుణ్ణి చూడకూడదన్న మాట పిల్లలకు ఇక్కడే గట్టిగా చెప్పాలి. కన్ను ఎప్పుడూ తెర మీదే ఉండాలి.

నాలుగో అంచె: గోడ మీద సూర్యుడు

2027లో మన దగ్గర కప్పే భాగం చిన్నది. మీటరు పెట్టెలోని 9 మిల్లీమీటర్ల బొమ్మలో అది అంత తేటగా తెలియదు. అందుకే ఈ అంచెను మాత్రం వదలొద్దు.

అద్దానికి సరిపడా నల్ల కాగితం లేదా అట్ట కత్తిరించి, మధ్యలో అర సెంటీమీటరు వెడల్పున చిల్లు చేసి అద్దం మీద అతికించండి. పడమటి వైపు బాల్కనీలో స్టూలు వేసి దాని మీద పళ్ళెం, పళ్ళెంలో బియ్యం. ఆ బియ్యంలో అద్దాన్ని గుచ్చి నిలబెడితే ఎటు వంచితే అటు నిలుస్తుంది. ఎండను వాకిలి గుండా లోపలి గదిలోకి, ఎదురు గోడ మీదికి మళ్ళించండి. గదిలో కిటికీ తెరలు వేసి చీకటి చేయండి. అద్దానికి గోడకు మధ్య పది మీటర్లుంటే గోడ మీద తొమ్మిది సెంటీమీటర్లకు పైగా వెడల్పున సూర్యబింబం కనిపిస్తుంది. చంద్రుడు కొరికిన అంచు స్పష్టంగా తెలుస్తుంది. ఇల్లు చిన్నదైతే బింబమూ ఆ మేరకు చిన్నదవుతుంది, చూడడానికి ఇబ్బంది లేదు.

సూర్యుడు కదులుతూనే ఉంటాడు కాబట్టి ఆ దూరంలో బొమ్మ నిమిషానికి నాలుగు సెంటీమీటర్ల పైన జరిగిపోతుంది. రెండు నిమిషాలకోసారి బియ్యంలో అద్దాన్ని కాస్త సవరించే పని ఒక పెద్దపిల్లకు అప్పగించండి. అద్దంలోకి తొంగిచూడకూడదు, వెలుగు దారికి అడ్డంగా ముఖం పెట్టకూడదు.

ఈ పద్ధతిలో ఇంకో గొప్ప సౌకర్యం ఉంది. గ్రహణం పూట బయటికి రాని నాయనమ్మ, అమ్మమ్మ మన ఇళ్ళలో ఉంటారు. వాళ్ళ నియమాన్ని మార్చుకోమని పట్టుబట్టనక్కర్లేదు. జపం చేసుకుంటూ కూర్చున్న గదిలోనే, ఎదురు గోడ మీద, సూర్యుడు వాళ్ళ ముందుకు వస్తాడు. కూర్చున్న చోటి నుంచే మనవలతో పాటు చూస్తారు.

ఐదో అంచె: పనులు పంచడం

పనీ పాటా లేకపోతే పిల్లలు పదిహేను నిమిషాల్లో విసుగెత్తి కిందికి వెళ్ళిపోతారు. ఒక్కొక్కరికీ ఒక బాధ్యత ఇవ్వండి.

ఒకరు గడియారం పట్టుకుని సమయం చెప్పాలి. ఒకరు బొమ్మలు వేయాలి. ముందురోజే కాగితం మీద గాజు పెట్టి ఒకే కొలత వలయాలు డజను గీయించండి. గ్రహణం మొదలయ్యాక పది నిమిషాలకోసారి, గోడ మీద బింబం ఎటువైపు, ఎంత లోతున తరిగిందో అదే ఆకారంలో వలయంలో నలుపు పూయాలి, కింద సమయం రాయాలి. గోడ మీది బొమ్మ కుడి ఎడమలు తారుమారై ఉండొచ్చు. కళ్ళద్దాలతో చూసి పోల్చుకుంటే ఆ సంగతి పిల్లలే కనిపెడతారు. ఇంకొకరు జల్లెడ, బూందీ గరిటె పట్టుకుని నేల మీదికి, చీర అంచు మీదికి ఆ చిల్లుల గుండా ఎండను పంపాలి. ప్రతి చిల్లూ ఒక చిన్న సూర్యుణ్ణి వేస్తుంది, ప్రతి సూర్యుడికీ అదే గాటు ఉంటుంది. దగ్గర్లో వేప చెట్టో కానుగ చెట్టో ఉంటే ఆకుల సందుల్లోంచి నేల మీద పడే వెలుగు చుక్కల్లోనూ ఆ గాటును వెతకొచ్చు.

ఆరో అంచె: వంటింటి సంగతులు, నియమాలు

పట్టు స్నానం, విడుపు స్నానం, ఊరగాయ జాడీల మీద దర్భలు, గ్రహణం పూర్తయ్యాక వంట, ఇవన్నీ ఎవరి ఇంటి పద్ధతి వాళ్ళది. వీటికీ గ్రహణం చూడడానికీ విరోధమేమీ లేదు. పట్టు, విడుపు వేళలు ముందే తెలుసుకుని, మధ్యాహ్న భోజనం తొందరగా ముగించుకుంటే డాబా మీదికి తీరిగ్గా ఎక్కొచ్చు.

కానీ షుగరు మందులు వాడేవాళ్ళు, పసిపిల్లలు, ముసలివాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు ఉపవాసం ఉండకూడదు. మంచినీళ్ళు, మందులు, తిండి వేళకు పడాల్సిందే. గర్భిణిని గదిలో కదలకుండా పడుకోబెట్టడం, కత్తి కత్తెర ముట్టనివ్వకపోవడం మన దగ్గర ఎక్కువ. గ్రహణం మొర్రి భయమే దానికి మూలం. పెదవి, అంగిలి కలవకపోవడం గర్భం నిలిచిన తొలి వారాల్లో జరిగే లోపం. వంశపారంపర్య కారణాలు, ఫోలిక్ యాసిడ్ లోటు, కొన్ని మందులు, పొగాకు దానికి సంబంధించినవిగా వైద్యులు గుర్తించారు. చంద్రుడు సూర్యుడికి అడ్డం రావడానికీ దానికీ సంబంధం లేదు. కోడలు కూడా కళ్ళద్దాలు పెట్టుకుని అందరితో పాటు కుర్చీ వేసుకుని చూడొచ్చు.

రోకలిని తప్పకుండా పైకి తెచ్చుకోండి. గ్రహణం పట్టినప్పుడు ఇత్తడి పళ్ళెంలో రోకలి దానంతటది నిలబడుతుందని మన ఊళ్ళలో నిలబెట్టి చూస్తారు. అడుగు చదునుగా ఉన్న రోకలి ఏ రోజైనా నిలబడుతుంది. ముందురోజు ఒకసారి, గ్రహణం వేళ ఒకసారి నిలబెట్టి పిల్లలతోనే తేల్చుకోనివ్వండి. ఆ రోజు రోకలికి ఇంకో పని కూడా ఉంది. హైదరాబాద్‌లో ఏడాదికి రెండుసార్లు, మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో, మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. గ్రహణం రోజు దానికి ఒక్కరోజు ముందు. మధ్యాహ్నం 12 గంటల 20 నిమిషాల ప్రాంతంలో రోకలిని ఎండలో నిటారుగా నిలబెడితే నీడ దాదాపు మాయమై మొదట్లోనే అణిగిపోతుంది. మధ్యాహ్నం ఎండ కాస్తే ఒక్క రోజులోనే రెండు వింతలు చూసినట్టు.

ఏడో అంచె: జెడ్డాకో ఫోన్

మన పాతబస్తీ నుంచి, కరీంనగర్, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కు వెళ్ళిన వాళ్ళు ఎందరో. వాళ్ళలో జెడ్డా, మక్కా వైపు ఉన్నవాళ్ళకు ఆ రోజు ఇంటి ముంగిటే సంపూర్ణ గ్రహణం. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట దాటాక పగలు చీకటవుతుంది. మనకు అప్పటికి సాయంత్రం నాలుగు కావస్తుంటుంది. మీ చుట్టాలు అక్కడుంటే ముందే మాట్లాడి పెట్టుకోండి. ఫోన్‌ను సూర్యుడి వైపు కాకుండా పడమటి దిక్కున దిగువ ఆకాశం వైపు, తమ చుట్టూ ఉన్న మనుషుల వైపు తిప్పమనండి. ఎదురుగా పడమటి నుంచి ముంచుకొచ్చే నీడను చూస్తూ వాళ్ళు వేసే కేకలు వినడమే ఒక అనుభవం.

ఇలాంటి మాటామంతీ మనవాళ్ళకు కొత్త కాదు. 2024 ఏప్రిల్ 8న అమెరికా మీదుగా సంపూర్ణ గ్రహణం సాగింది. డల్లాస్‌లో మధ్యాహ్నం 1.40కి మొదలై నాలుగు నిమిషాలకు కాస్త తక్కువగా సూర్యుడు పూర్తిగా మరుగయ్యాడు. ఇక్కడ అప్పటికి అర్ధరాత్రి 12 దాటి పది నిమిషాలు, క్రోధి నామ సంవత్సర ఉగాది తేదీ వచ్చేసింది. అక్కడున్న తెలుగు కుటుంబాలకు అమావాస్య గ్రహణం, ఆ వెంటనే పండుగ.

సంపూర్ణ గ్రహణం చూడబోయే చుట్టాలకు ఒక్క సంగతి తప్పకుండా చెప్పండి. చివరి వెలుగు చుక్క వజ్రపుటుంగరంలా మెరిసి ఆరిపోయాక మాత్రమే కళ్ళద్దాలు తీయాలి. అప్పుడు నల్లని బింబం చుట్టూ తెల్లని కరోనా, అంచున ఎర్రటి జ్వాలలు, ఆకాశంలో శుక్రుడు కనిపిస్తాయి. అవతలి అంచున మళ్ళీ వెలుగు మొనదేలగానే కళ్ళద్దాలు పెట్టేసుకోవాలి. ఈ వెసులుబాటు సంపూర్ణ గ్రహణం దారిలో ఉన్నవాళ్ళకే. అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఉన్న మనకు మొదటి నుంచి చివరి దాకా కళ్ళద్దాలు తీసే సమయమే ఉండదు.

ఆ ఎర్రటి జ్వాలలకు మన తెలుగు నేలతో చుట్టరికం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ గ్రహణం చూడడానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త గుంటూరు వచ్చాడు. మచిలీపట్నంలో మద్రాసు నక్షత్రశాలకు చెందిన పోగ్సన్ టెలిస్కోప్ పెట్టాడు. ఆ జ్వాలల వెలుగును రంగులుగా విడదీసి చూస్తే, వాటిలో ఒక పసుపు గీత అంతవరకు తెలిసిన ఏ మూలకానిదీ కాదని తర్వాత తేలింది. అదే హీలియం. భూమి మీద దాన్ని పట్టుకోవడానికి 1895 దాకా పట్టింది. పిల్లలకు డాబా మీద మధ్య మధ్య చెప్పడానికి ఇంతకంటే మంచి కథ దొరకదు.

ఎనిమిదో అంచె: మబ్బు పడితే

ఆగస్టు వానాకాలం. 2020 జూన్ 21న ఉదయం పదింపావు ప్రాంతంలో మొదలైన పాక్షిక గ్రహణమూ వానాకాలంలోనే వచ్చింది. మబ్బు పడుతుందని ముందే చేతులెత్తేయొద్దు. పలచని మబ్బులోంచి సూర్యుడు కనిపించినా కళ్ళద్దాలు తీయకూడదు, మబ్బు కంటికి సరైన రక్షణ కాదు. చిక్కటి మబ్బులుంటే అందరూ డాబా మీదే కూర్చుని, ఒకరిని మాత్రం పడమటి ఆకాశాన్ని గమనించమనండి. పావుగంట సందు దొరికితే చాలు. ముందే సరిచేసి పెట్టుకున్న పెట్టె, అద్దం ఉంటే ఆ పావుగంటలో ఇంట్లో అందరూ చూసేయొచ్చు. అందుకే గ్రహణానికి ముందు రెండు మూడు ఆదివారాలు మామూలు సూర్యుడితోనే సాధన చేయాలి. గోడ మీద గుండ్రని బింబం వస్తే మీ ఏర్పాట్లు సరిగ్గా ఉన్నట్టే.

చివరి అంచె: విడుపు తర్వాత

విడుపు స్నానాలయ్యాక పాయసం వండుకోండి. పిల్లలు పూసిన వలయాల కాగితాన్ని తేదీ, ఊరు, చూసిన వాళ్ళ పేర్లు రాసి ఫైల్లో పెట్టండి. గీతలు పడని కళ్ళద్దాలను కాగితం కవరులో దాచుకోండి. 2031 మే 21న కేరళ, తమిళనాడు మీదుగా వలయాకార గ్రహణం వెళుతుంది. హైదరాబాద్‌లో అది పాక్షికమే అయినా మిట్టమధ్యాహ్నం పూట సగానికి మించి సూర్యుడు కప్పబడతాడు. అప్పటి దాకా రేకు చెడిపోకుండా ఉందో లేదో మళ్ళీ పరీక్షించాకే వాడాలి. 2034 మార్చి 20న జమ్మూకాశ్మీర్, లద్దాఖ్ ప్రాంతాల మీదుగా సంపూర్ణ గ్రహణం వస్తుంది. రైలుబండికో విమానానికో డబ్బు కూడబెట్టుకోవడానికి మనకు కావలసినంత సమయం ఉంది.

గ్రహణం ఎవరినీ బాధించదు. వట్టి కళ్ళతో చూడడం, ఆకలితో మాడడం మాత్రమే బాధిస్తాయి. ఆ రెండూ మన చేతిలో ఉన్నవే. 1980లో మన ఊళ్ళ పక్కనే పోయిన నీడను చాలామంది చూడలేకపోయారు. వచ్చే ఆదివారం పాత అట్టపెట్టె ఒకటి దింపి, ఫాయిల్ అతికించి, మీ పిల్ల చేత ఆ చిల్లు పొడిపించండి. పక్కింటివాళ్ళనూ పిలవండి.